మాట్లాడకపోతే ఉప్మా

మా ఆఫీసులో ప్రోగ్రాములు రాసే రామబ్రహ్మంగారు ఏ ప్రశ్న అడిగినా, అవతలివాడు నోరు తెరవకపోతే తను ఏమనుకుంటారో కూడా ఆ ప్రశ్నతోపాటే చెప్పేసేవారు. ఆయనలో ఉన్న విడ్డూరమల్లా ఇదొక్కటే. దీంతోనే ఆఫీసునంతా గడగడలాడించారు.

డెబ్బై ఎనిమిదిలో మా కంప్యూటర్ కేంద్రం నానక్‌రామ్‌గూడ దారిలో, బండరాళ్ల మధ్య ఉండేది. బస్సు దిగితే మేకలు తప్ప పలకరించే ప్రాణి లేదు. క్యాంటీన్‌లో ఆయన పక్కన కూర్చుంటే, "నర్సింహగారూ, ఇంకో ఉప్మా చెప్పనా? మాట్లాడకపోతే చెప్పేస్తానండి" అనేవారు. నా నోటినిండా అప్పటికే ఉప్మా. మాట్లాడేదెలా? ఇంకో ప్లేటు వచ్చేది. ఈ భయంతోనే అందరూ ఆయనకు దూరంగా కూర్చునేవారు.

ఒకసారి సాయంత్రం బస్సు వేళకు, మా ఆఫీసరు రామచంద్రంగారు పాన్ నములుతుండగా వెళ్లి, "రేపు అందరికీ సెలవాండి? మాట్లాడకపోతే సెలవే" అన్నారు. ఆఫీసరు చేతులతో, కళ్లతో వద్దని మొత్తుకుంటూ కిటికీ దాకా పరుగెత్తి ఉమ్మి వచ్చేలోపల సగం ఆఫీసు బస్సెక్కేసింది.

గుళ్లోనూ అంతే. "స్వామీ, అందరినీ చల్లగా చూస్తావుగా? పలకకపోతే చూస్తావనే అనుకుంటా" అని దండం పెట్టి వచ్చేవారు. స్వామి ఒక్కసారీ కాదనలేదు.

పెళ్లిచూపుల్లో మాత్రం తిరగేసి అడిగారు. "నేను నచ్చానా అమ్మా? మాట్లాడకపోతే నచ్చలేదనుకుంటాను." పిల్ల తల ఎత్తలేదు. ఈయన నమస్కారం పెట్టి వచ్చేశారు. తిన్నగా అడిగి ఉంటే పెళ్లయిపోయేదని ఆఫీసంతా నవ్వింది. ఆయన కూకట్‌పల్లిలో తన ఒంటిగదికి పోయి, ఒక్కరికే సరిపడా బియ్యం పొయ్యి మీద పెట్టుకున్నారు.

ఆ ఏడాదే నా ఉద్యోగం ఖాయం కావాలి. చెరువుల నీటి లెక్కలు కట్టే నా ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోయేది. "శనివారం లోపల తప్పేడుందో పట్టు. లేకుంటే ఇగ ఊరికి పోవుడే" అన్నారు ఆఫీసరు. తప్పులు వెతకడానికి డీబగ్గర్ అని ఇంకో ప్రోగ్రాం ఉండేది. కంప్యూటర్‌కు తగిలించిన టెలిటైపు అనే టైపుమిషను మీద మనం ఆజ్ఞ కొడితే, అది ఇంగ్లీషులో ఎదురు ప్రశ్న కొట్టేది. జవాబు తప్పిందా, మెమరీలో ఉన్నదంతా చెరిపేసి కూర్చునేది. ఊరి బడిలో తెలుగులో చదివినవాణ్ణి. ఆ ప్రశ్న కాగితం మీద పడగానే నా వేళ్లు కొయ్యబారేవి.

శుక్రవారం రామబ్రహ్మంగారు వచ్చి, ఆ డీబగ్గర్‌కు తను కొత్తగా కలిపిన ఆజ్ఞ ఒకటి చూపించారు.

"ఇది ఏదైనా అడిగితే, తెలిస్తే చెప్పండి. తెలియకపోతే ఊరికే రిటర్న్ మీట నొక్కండి."

"ఏం గాదా సార్?"

"ఏమీ చెరపదు. ఒక్క అడుగు ముందుకేసి చూపిస్తుందంతే. అక్షరం తప్పు కొట్టినా మళ్లీ అడుగుతుంది గానీ తిట్టదండి."

భయపడుతూ నొక్కాను. ఒక్కో అడుగే చూపిస్తూ పోయింది. నీళ్లు పూర్తిగా ఎండిపోయిన చెరువు దగ్గర నా ప్రోగ్రాం సున్నాతో భాగించబోయి ఆగిపోతోంది! తప్పు దొరికింది, ఉద్యోగం నిలిచింది.

"గిది ఎందుకు చేసిన్రు సార్?"

"జవాబు చెప్పలేనివాళ్లు కూడా ఉంటారు కదండీ. నోరు తెరవకపోయినా వాళ్లకి నష్టం రాని జవాబు, అడిగేవాడే ముందు పెట్టి ఉంచాలి."

నాకు తల ఎత్తని ఆ పిల్ల గుర్తొచ్చింది. పెద్దల ముందు వద్దనలేని పిల్లకు, ఆ మాట ఈయనే అమర్చి ఇచ్చారన్నమాట. రెండో ప్లేటు అడగడానికి సిగ్గుపడేవాణ్ణని కూడా ఆయనకెలా తెలిసిందో.

ఆయన క్యాంటీన్‌లో తన మూల బల్ల వైపు బయలుదేరారు. ఇన్నాళ్లలో ఈయన్ని ఎవరూ ఏమీ అడగలేదనిపించింది.

"సార్, ఐతారం మా ఇంటికి అన్నానికి వస్తరా? మా ఇంటామె రుక్కమ్మ సర్వపిండి రొట్టె చేస్తది. పలకకపోతే వస్తరనుకుంట."

రామబ్రహ్మంగారు ఏదో అనబోయారు. అంతలోనే టక్కున నోరు మూసుకుని, పాన్ వేసుకున్న ఆఫీసరులా పెదవులు బిగబట్టి, తల కూడా ఊపకుండా నిలబడ్డారు.