చౌడు మిద్దె నీళ్లు

జమ్మలమడుగులో నూరుల్లా చేతిపనికి వంక పెట్టిన మనిషి లేడు. అతని నోటికి మాత్రం వీధి వీధంతా వంక పెట్టేది. డబ్బారేకుతో ముంతలు, గరాటులు, కిరసనాయిలు బుడ్లు చేసి అమ్ముకునే మనిషి. తన ఇంటికి మాత్రం అంగట్లో వస్తువు కొనాలంటే తల తీసేసినంత నామోషీ. ప్రొద్దుటూరు నూనె అంగళ్ల నుంచి తెచ్చుకున్న ఖాళీ డబ్బాలతో రంపపుపొట్టు పొయ్యి చేశాడు. స్నానాల నీళ్లు గోడవతల వంగచెట్లకు పారేట్టు కాలువ తీశాడు. కుంకుళ్లుండగా సబ్బెందుకన్నాడు. పక్కింటి ఆనందయ్య, మిషన్ బడిలో అయ్యవారు, దీన్ని స్వయంసమృద్ధి అని మెచ్చుకునేవాడు. నూరుల్లా భార్య పేరు మాబున్ని. ఆమె మాత్రం పిచ్చి అనేది.

ఇన్ని చేసినవాడికి నీళ్లు మాత్రం లొంగలేదు. వీధిబావి ఉప్పు. ఆ నీళ్లతో కందిపప్పు పొద్దున పెడితే మాపటికీ పలుకే. తాగడానికీ వండడానికీ మైలు దూరం పెన్నకు పోయి, ఇసుకలో చెలమ తోడుకుని, బిందె నెత్తిన పెట్టుకుని రావాలి. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కొళాయి వస్తుందన్నారు. ఆంధ్రప్రదేశ్ వచ్చినప్పుడూ అన్నారు. అన్నవాళ్లు ఏ నీళ్లు తాగారో గానీ మాబున్ని మాత్రం రోజుకు నాలుగు బిందెలు మోస్తూనే ఉంది. పెళ్లయి ఇరవై రెండేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. గడప దాటడానికి గోడ పట్టుకునేది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. "ఇంక బరువు మోస్తే నువ్వు మంచాన పడతావమ్మా. ఆ తర్వాత నా దగ్గర మందులేదు."

ఆ రోజు నూరుల్లా భోంచేయలేదు. భార్యంటే అతనికి ప్రాణం. చెప్పడం చేతకాదు, చేసి చూపించడమే వచ్చు. అందుకే చేయడం మొదలుపెట్టాడు.

మొదటి ఏడు మూడు కుండలు ఒకదాని మీదొకటి నిలబెట్టి, బొగ్గూ ఇసుకా నింపి బావినీళ్లు వడగట్టాడు. నీళ్లు అద్దంలా వచ్చాయి, ఉప్పు ఉప్పుగానే ఉంది. రెండో ఏడు పాత సైకిలు చక్రాలతో బిందెల బండి చేశాడు. నెత్తిన మోయడం ఎందుకు, తోసుకు రా అన్నాడు. పెన్న ఇసుకలో చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. మాబున్ని బిందెలు మోసుకొచ్చి, మళ్లీ పోయి బండిని మోసుకొచ్చింది. ఆ రోజు ఆమె అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

మూడో ఏడు ఆనందయ్య ఒక మాట చెవిన వేశాడు.

"నూరుల్లా, కమలాపురంలో మా చిన్నాయన పెంకులిల్లు కట్టుకున్న్యాడు. చూరు కింద తొట్టి పెట్టి వాననీళ్లు పట్టుకుంటాండాడు. ఆరు నెలలు ఆ నీళ్లే తాగుతారు."

నూరుల్లాకు తొట్టి వినిపించింది, వాన వినిపించింది. పెంకులు వినిపించలేదు.

ఇక చూడాలి ఆ మనిషి అవస్థ. నాపబండలు తానే తెచ్చుకున్నాడు. సున్నం తానే నూరి, బెల్లమూ కరక్కాయా నానబెట్టిన నీళ్లు కలిపి, సందు లేకుండా మెత్తి, నిలువెత్తు తొట్టి కట్టాడు. మిద్దె తూము నుంచి తొట్టిదాకా రేకుగొట్టం అతికించాడు. ఆ మూడు నెలలూ అతను తొట్టి కట్టాడు, మాబున్ని ఆ సున్నానికి కూడా పెన్న నుంచి నీళ్లు మోసింది. అదేమని అడిగే పుణ్యాత్ముడు వీధిలో ఒక్కడూ లేడు.

వానలకు ముందు ఇక్కడ ప్రతి ఇంటి మట్టిమిద్దెకూ చౌడు వేస్తారు. చౌడుమట్టి పరిచి దిమ్మిసతో గట్టిగా కొడితే చుక్క నీరు కిందికి దిగదు. తాతల నాటి నుంచీ అంతే. నూరుల్లా ఆ ఏడు మామూలుగా వేసే దానికి రెండింతలు తోలించాడు. మిద్దె ఒక్క చుక్క తాగినా తొట్టికి నష్టమే కదా! ఎంత చౌడైతే అన్ని నీళ్లు అని లెక్క వేసుకుని, పొంగిపోతూ దిమ్మిస కొడుతున్నాడు.

మాబున్ని కిందనుంచి తలెత్తి, "ఏమయ్యా, తాగే నీళ్లకు అంత చౌడేందయ్యా..." అనబోయింది.

"నువ్వు నోరు ముయ్యి! కట్టేటోనికి తెలీదా? ఈ వాన పడినాక నువ్వు పెన్నకు పోతే నా పేరు నూరుల్లానే కాదు!" అని మిద్దె మీది నుంచే అరిచాడు. వీధంతా విన్నది.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి, గంటసేపు కుంభవృష్టి కురిసింది. నూరుల్లా తడుస్తూనే తొట్టి పక్కన నిలబడ్డాడు. గొట్టంలో నుంచి నీళ్లు బుడబుడమని దూకాయి. మట్టి రంగు. కొత్త నీళ్లు అంతేలే, తేరుకుంటాయి అన్నాడు. మూడు రోజులైనా తేరుకోలేదు. చిల్లగింజ అరగదీసి కలిపాడు. అప్పటికి కాస్త తేటపడ్డాయి. ఆనందయ్యనూ, ఎదురింటి వాళ్లనూ, వీధికి బట్టలుతికే ఓబన్ననూ పిలిచి, అందరి ముందూ ముంతెడు ముంచి నోట్లో పోసుకున్నాడు.

ఉప్పు. ఉప్పుతో పోతే బాగుండేది, చేదు. పైగా నాలుక మీద సబ్బులా జారుడు. ఉమ్మలేడు, మింగలేడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఓబన్న వేలు ముంచి నాకి, నవ్వు ఆపుకోలేకపోయాడు. "చౌడునీళ్లు మామా! మేము బట్టలు ఉడకేసేదానికి చౌడే గదా వాడేది. తొట్టి నాకు ఇడ్సు, మురికి శానా బాగ పోతాది."

వీధి గొల్లుమంది. నూరుల్లాకు తల కొట్టేసినట్టయింది. ఒంటికాలి మీద లేచాడు. ఆనందయ్యను తిట్టాడు, అతని చిన్నాయనను తిట్టాడు, కమలాపురాన్ని తిట్టాడు, వానను తిట్టాడు. గొట్టం ఊడబీకి వీధిలోకి విసిరేశాడు. చూసేవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

ఇంట్లోకి వచ్చేసరికి మాబున్ని బిందె తీసుకుని గోడ పట్టుకుని నిలబడింది.

"యాడికి పోతాండావు?"

"పెన్నకు. పొయ్యి మీద ఏం పెట్టాల్ల?"

"డాక్టరమ్మ చెప్పలేదా నీకు? మంచాన పడల్లని ఉందా? ఇంగొక్క ఏడు ఓర్చుకో. చౌడు గీకేసి, మిద్దె పైన సున్నం మెత్తుతా..."

మాబున్ని బిందె కింద పెట్టింది. ఈసారి గొంతు కూడా పెంచలేదు.

"నేను మోయగూడదని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు మోయగూడదని ఎవురు చెప్పిరి?"

నూరుల్లా నోరు తెరిచాడు. మొగోడు నెత్తిన నీళ్లు మోయడమేంది, ఊరు నవ్వదా అనబోయాడు. ఊరు అప్పుడే నవ్వింది కదా, ఇంక దాచుకోవడానికి ఏం మిగిలింది? మూడేళ్లు. కుండలు, బండి, తొట్టి. అన్నీ చేశాడు. ఈ ఒక్కటి తనకు తట్టనే లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

బిందె తీసుకుని బయటికి నడిచాడు. చెలమ దగ్గర ఆడవాళ్లు మాటలు ఆపేసి చూశారు. ఎవరినీ చూడకుండా, తాను చేసిన రేకుముంతతోనే తోడుకున్నాడు. తలగుడ్డ చుట్టి నెత్తిన పెట్టుకుంటే బిందె నిలవలేదు, భుజానికెత్తుకున్నాడు. సగం దారికే మెడనరం పట్టేసింది. రెండుచోట్ల దించాడు. చొక్కా తడిసి, నీళ్లు సగానికి వచ్చాయి.

గడప లోపల బిందె దించి, గోడకు చేరబడి రొప్పాడు.

"శానా బరువుందే!" అన్నాడు.

మాబున్ని పప్పు ఏరుతూ తలెత్తలేదు.

"నిన్న గూడ అంతే బరువుండె," అంది. "ఇంగ మూడు బిందెలు కావల్ల."