సీతాఫలం పూలకు కుంచె అద్దిన పొద్దు

జిన్నారం దాటాక మాకు సీతాఫలం తోట ఉండేది. తొంభైల నాటి మాట, నేను అత్తగారింటికి కోడలిగా వచ్చిన కొత్త. చెట్లు విరగబూసేవి గానీ కాయ నిలిచేది కాదు. పూతంతా రాలి నేల మీద పరుచుకునేది. పటాన్‌చెరు దగ్గర తోటల్లో పనికి పోయినప్పుడు తాను నేర్చుకున్న ఉపాయం మా అత్తమ్మ నాకు చూపించింది. సాయంత్రం రెక్కలు బాగా విచ్చిన పూలు తెంపి, పుప్పొడిని డబ్బీలోకి దులపాలి. తెల్లారి, అప్పుడే రెక్కలు వదులైన పూలు వెతికి సన్న కుంచెతో లోపల అద్దాలి.

“లోపల తడిగ మెరుస్తుండాలె. ఎండినంక ఎంత అద్దినా లాభం లేదు,” అనేది.

ఒకసారి రాత్రంతా వాన పడి తెరిపిచ్చింది. మబ్బు పట్టిన ఆ పొద్దున ఇద్దరం చెరో వైపు మొదలుపెట్టాం. ఆమె వాగు దిక్కు పల్లంలో, నేను గట్టు మీద. ఒక పూవు రెక్కలను వేలితో ఎడం చేస్తుంటే కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. వాగు అవతలి ఫ్యాక్టరీల వాసన మాకు కొత్తేం కాదు. ఈసారి మాత్రం గొంతులో కారం పోసినట్టయింది. వాగు మీదుగా తెల్లగా ఏదో వస్తుంటే వాన ఆవిరి అనుకున్నాను. అది పైకి లేవలేదు. నేలకు ఆనుకుని చెట్ల మొదళ్లలోకి పాకుతోంది.

“అత్తమ్మా, జల్దీ ఇటు రా,” అని పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను.

నా కాళ్లు రోడ్డు వైపే లాగుతున్నాయి. గట్టు మీది నీళ్ల బిందెలో కొంగు ముంచి, ముక్కుకూ మూతికీ కట్టుకుని పల్లంలోకి దిగాను. కళ్లు మండి ఏదీ సరిగా కనబడటం లేదు. ప్రతి చెట్టు కిందా ఆమె పడిపోయి ఉంటుందేమోనని వంగి చూశాను. చివరికి ఒక చెట్టు మొదట్లో చతికిలబడి కనబడింది. దగ్గు ఆగడం లేదు. పెదవులు నల్లబడ్డాయి.

“నువ్వెందుకొచ్చినవ్. పో,” అంది దగ్గుతూనే.

“లే అత్తమ్మా. నిన్ను ఇడిసిపెట్టి యాడికి పోత?”

ఆమె చెయ్యి నా మెడ మీద వేసుకుని, పొగ పోయే దిక్కు కాకుండా పక్కకు లాక్కుపోయాను. రోడ్డెక్కేసరికి నాకు వాంతయింది. పాల క్యాన్లతో పోతున్న ఆటో అతను మమ్మల్ని చూసి ఆపాడు. పటాన్‌చెరు ఆసుపత్రి దాకా ఆమె ఛాతీ మీద చెయ్యి పెట్టి, లేస్తోందా లేదా అని చూస్తూనే ఉన్నాను.

ఆమె బతికింది. తేరుకోవడానికి చాన్నాళ్లు పట్టింది. ఏం వదిలారో, ఎవరు వదిలారో మాకు ఎవరూ చెప్పలేదు.

మేం కుంచె అద్దిన కొమ్మలకు కాయలు నిలిచాయి. కళ్లు విచ్చి పండుతున్నా ఇంట్లో ఎవరం ముట్టలేదు. ఒకరోజు అత్తమ్మ ఒక పండు విప్పి ముందు పెట్టుకుంది.

“వద్దు అత్తమ్మా. గా పొగల పెరిగిన కాయ.”

“ఎవరో ఒకరు తిని సూడాలె గద. ముసల్దాన్ని, నాకేమైతది?”

గింజలు ఊస్తూ పండంతా తినేసింది. మంచిగనే ఉందని చెప్పింది. పొద్దు గూకేదాకా నేను ఆమె పక్కనుంచి లేవలేదు, మొహమే చూస్తూ కూర్చున్నాను. తెల్లారి ఆమె ఎప్పటిలాగే లేచి పొయ్యి ముట్టించింది. నేను మాత్రం ఆ ఏడు ఒక్క పండు కూడా నోట పెట్టలేకపోయాను.