ముఖ్య అతిథి నుదుటి మీద కోత

కొంటా బస్టాండు ఎదురుగా ఉన్న ఫొటో స్టూడియో రామతులసిని ఎరగనివాళ్లు లేరు. ఎరిగినవాళ్లలో సగం మందికి ఆమె అంటే గిట్టదు. నోరు అలాంటిది. ఫొటో దిగడానికి వచ్చిన పెళ్లికొడుకును, కొంచెం నోరు మూసుకుని నవ్వు నాయనా, అన్ని పళ్లు నా కెమెరాలో పట్టవు అన్న మనిషి. తెల్లగా చెయ్యమ్మా అని అడిగిన వాళ్లకు, సున్నం కావాలంటే రెండో వీధిలో దొరుకుతుందని దారి చూపించిన మనిషి. అరవై దాటినా ఆ నోటికి వయసు రాలేదు.

భద్రాచలం అవతలి పల్లె నుంచి పెళ్లయి ఇటు వచ్చినప్పుడు ఆమెకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వరకే వచ్చు. మొగుడు వెంకన్నది ఫొటోల పని. ఆ రోజుల్లో పసుపు దంచే చోటికీ, పెళ్లికూతురికి మంగళస్నానం చేయించే చోటికీ మగవాణ్ణి కెమెరాతో రానిచ్చేవాళ్లు కాదు. అందుకని వెంకన్న తన పెళ్లాం చేతికి కెమెరా ఇచ్చి లోపలికి పంపాడు. వెళ్లింది, నేర్చింది, ఇక బయటికి రాలేదు. తలంబ్రాల దగ్గరైతే వెంకన్న ఫొటోలో చేతులుండేవి, బియ్యం ఉండేవి కాదు. ఆమె మాత్రం చేతుల వెంట పోదు. బియ్యం ఎక్కడ పడతాయో అక్కడ ముందే ఫోకస్ పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. గింజ గింజా కనబడేది. వెంకన్న ఆ సంగతి పదిమందిలో ఒప్పుకునేవాడు. ఆ ఒక్క గుణానికి అతని మిగతా గుణాలన్నీ ఆమె మన్నించింది.

వెంకన్న పోయాడు. ఆ తరువాత ఒక వానాకాలం గోదావరి ఎదురుతన్ని శబరి ఏరు ఊళ్లోకొచ్చింది. స్టూడియోలో నీళ్లు అటక దాకా ఎక్కాయి. కొంటా వాళ్ల పెళ్లిళ్లు, చావులు, బారసాలలు, ముప్పై ఏళ్ల నెగెటివ్‌లు బురదలో కలిశాయి. కెమెరా ఒక్కటి ఒళ్లో పెట్టుకుని ఆమె పక్క మేడ మీద కూర్చుంది. నీళ్లు తీసేదాకా చూడటానికి బస్టాండు షెడ్డు తప్ప ఏముంది. మనుషులందరూ పోయారు కానీ షెడ్డు కప్పు కింద గూళ్లు కట్టుకున్న వానకోయిలలు పోలేదు. కొడవలి లాంటి రెక్కలు, తోక మొదట్లో తెల్లటి పట్టీ. తీగ మీద వాలవు, కొమ్మ మీద వాలవు. ఆ కాళ్లు నిలబడటానికి పనికిరావట. తినడం గాలిలోనే, తాగడం గాలిలోనే. నోటి జిగురుతో ఈకలూ గడ్డీ అంటించి కట్టిన గూటిలోకి అంత వేగంతోనే దూసుకొచ్చి ఎక్కడమే.

నీళ్లు తీశాక కూడా ఆమె చూపు తిరగలేదు. పెళ్లిళ్లను ఫోన్లు మింగేశాయి. ఆమెకు సాయంత్రాలు మిగిలాయి. రోజూ ఎండ వాలగానే స్టూడియో మెట్టు మీద కూర్చుని, గూటికి జానెడు దూరంలో ఫోకస్ పెట్టి ఊపిరి బిగబట్టేది. బస్టాండులో నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు. పెళ్లిళ్లు లేక పిట్టలకు పెళ్లి చేస్తున్నావా అని ఒక కండక్టర్ అడిగాడు. నీ ఫొటో కన్నా నయం, వీటికి కడుపు లోపలికి పీల్చమని చెప్పక్కర్లేదు అంది.

చాలా పాడు చేసింది. రెక్క చివర, తోక చివర, ఖాళీ ఆకాశం. రెండు వేసవులు గడిచాక ఒకనాడు పడింది. రెక్కలు పూర్తిగా విచ్చి, పిల్లల కోసం పట్టిన పురుగుల ముద్దతో గొంతు ఉబ్బి, కంట్లో చుక్కంత వెలుగుతో తల్లిపిట్ట. దాన్ని పెద్దది చేయించి వెంకన్న దండ ఫొటో పక్కన తగిలించింది. అటూ ఇటూ కాకుండా సరిగ్గా పక్కన.

ఈ వేసవి చివర కొంటాకు ఎవరో పెద్దమనిషి వస్తున్నాడన్నారు. బస్టాండులో సభ. దానికి కర్తా కర్మా అంతా ఉమామహేష్. లారీలున్నవాడు, ఊళ్లో కట్టిన ప్రతి ఫ్లెక్సీలోనూ చేతులు జోడించి నిలబడి ఉండేవాడు, ఇంట్లో తల్లికి మాత్రం ఆ చేతులు ఎన్నడూ జోడించనివాడు. షెడ్డు కప్పు గీకించి, పిట్టల గూళ్లు దులిపించి, రంగు వేయిస్తానన్నాడు. గూళ్లల్లో పిల్లలున్నాయి. ఆమె అతని ఇంటికి పోలేదు, అతన్నే స్టూడియోకు పిలిపించింది. వచ్చాడు, గోడ మీద ఫొటో చూశాడు, కాసేపు దాని ముందే నిలబడ్డాడు.

"ఈ ఫొటో ఇయ్యి అత్తా. ఫ్లెక్సీ మీద పెద్దగ ఏయిస్త. గూళ్ల మీద చెయ్యి పడితే నన్నడుగు."

ఇచ్చింది. ఇచ్చి ఊరుకుంటే ఆమె ఎందుకవుతుంది, నా పిట్ట ఫ్లెక్సీ ఎక్కుతున్నదని బజారంతా చెప్పుకుంది. సభ ఫొటోలు కూడా ఆమెనే తీయమన్నాడు. ఎన్నాళ్లకో చేతికొచ్చిన పని. కొత్త బ్యాటరీ వేసి సిద్ధం చేసుకుంది.

సభ ముందురోజు మధ్యాహ్నం వినోద్ ఫ్లెక్సీ కట్టాడు. మీసాలు నెరిసినా అందరూ పేరు పెట్టే పిలిచే మనిషి, సుక్మా దాకా ఫ్లెక్సీలు అతనే కడతాడు. షెడ్డు ముందు వైపు కప్పు అంచు నుంచి మనిషి తల ఎత్తు దాకా దించాడు. పైన ముఖ్య అతిథి ముఖం బండి చక్రమంత. పక్కన ఉమామహేష్, ఆ పక్కన వరుసగా ఇంకా ముఖాలు. ఆమె పిట్ట అడుగున ఒక మూల, ఫోన్ నంబర్ల పైన. పేరు లేదు. పేరు లేదని ఆమె చూసింది, మింగింది. మింగడానికి కారణం, అంతలోనే ఇంకొకటి కంటపడటం.

తల్లిపిట్టలు వస్తున్నాయి. వేగంగా వచ్చి, గుడ్డ ముందు గిరుక్కున తిరిగి పోతున్నాయి. షెడ్డుకు మిగతా మూడు వైపులా గోడ. కింద సందు ఉంది, కానీ అక్కడ జనం. అయినా ఆగి, చూసి, వంగి దూరే పిట్ట కాదది. వచ్చిన ఊపుతోనే పైకెక్కాలి. ఆ పైన ఇప్పుడు చక్రమంత ముఖం ఉంది.

షెడ్డు కింద చింతపండు అమ్మే గంగే బయటికొచ్చింది. దోర్ల తెగ మనిషి, రామతులసికి ఎన్నో ఏళ్ల నేస్తం.

"లోపల పిల్లలు అరుస్తున్నయక్కా. నువ్వు ఫొటో ఇస్తే గిదేనా చేసింది?"

ఆ మాట ఆమెకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. పోయి ఉమామహేష్ ముందు నిలబడింది. కుర్చీలు వేయిస్తున్నాడు. అతను తల ఎత్తకుండానే అన్నాడు.

"గూడు ఒక్కటన్న ముట్టిన్నా? మాట తప్పిన్నా?"

"ముట్టలేదు. తలుపు మూసినవ్."

"రెండు రోజులు ఆగితే ఏమైతది? సభ అయినంక నేనే ఇప్పిస్త."

"మీ కోడలు చంటిదానికి రెండు రోజులు పాలియ్యకుండ కూసోమను. అయినంక మాట్లాడుదాం."

అతను తల ఎత్తాడు. రేపటి ఫొటోల పని నీకిచ్చింది నేనే, గుర్తుపెట్టుకో అన్నట్టు రెండు మాటలు, మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అన్నందుకే ఆమెకు ఒళ్లు మండింది. చేసిందంతా చేసి, మాట నిలబెట్టుకున్న మనిషిలా నిలబడ్డాడు. ఆమె పిట్ట బొమ్మను ఆమె పిట్టలకే అడ్డం కట్టించి, దాన్ని మెహర్బానీ అనుకుంటున్నాడు.

వినోద్ నిచ్చెన మీదే ఉన్నాడు. ఫ్లెక్సీకి గాలి పోవడానికి అక్కడక్కడా అర్ధచంద్రంలా కోతలు పెడతారు, లేకపోతే మొదటి గాలిదుమ్ముకే చిరిగిపోతుంది. వానలకు ముందు రోజులు కాబట్టి అతను కోతలు పెట్టాడు, కానీ అన్నీ కిందనే, బొమ్మలోని ఆకాశంలోనూ ఆమె పిట్ట రెక్కలోనూ. పైన ఒక్కటీ లేదు.

"పైన కూడ పెట్టు," అంది ఆమె.

"పైన ముఖాలున్నయ్ అమ్మా. ముఖం కోస్తే నాకు మళ్ల కామ్ ఎవరిస్తరు? ఆకాశం ఎంతన్న కొయ్యి, ఎవరూ అడగరు."

"అవు. ఆకాశానికి లారీల్లేవు గద."

అతను నవ్వాడు కానీ కోయలేదు. చాయ్‌కని దిగి పోయాడు. నిచ్చెన అక్కడే ఉంది, మెట్టు మీద బ్లేడు ఉంది. మరచిపోయాడో, మరచిపోయినట్టు పోయాడో ఆమె ఎన్నడూ అడగలేదు. చీర కుచ్చెళ్లు బొడ్లో దోపింది. గంగే వచ్చి అడగకుండానే నిచ్చెన పట్టుకుంది, పడ్డవంటే నా చింతపండు మీద పడకు అంది. మోకాళ్లు కటకటలాడుతుండగా ఆమె ఎక్కింది. ఎక్కువ గూళ్లు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. సరిగ్గా ముఖ్య అతిథి నుదుటి వెనక. నుదుటి మీద చాట వెడల్పున కోసి, ముక్క కిందికి వేలాడనిచ్చింది. తరువాత కొంచెం జరిగి, ఉమామహేష్ జోడించిన చేతులు విడిపోయేలా ఇంకొకటి.

భద్రాచలం బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్లు దిగినచోటే నిలబడి చూశారు. మొదటి పిట్ట వచ్చి మళ్లీ తిరిగిపోయింది. రెండోది కూడా. గంగే నిచ్చెన వదలకుండా గొణిగింది. మూడోది వచ్చిన ఊపులోనే అతిథి నుదుట్లోకి దూసుకుపోయి మాయమైంది. లోపల పిల్లల అరుపు ఒక్కసారిగా పెరిగింది. బస్సు దిగినవాళ్లలో ఎవరో పగలబడి నవ్వారు.

ఉమామహేష్ పరుగున వచ్చాడు.

"ఏందిది అత్తా?"

"గాలికి," అంది ఆమె, బ్లేడు నిచ్చెన మెట్టు మీద మునుపున్న చోటే పెట్టి దిగుతూ.

ఇంకో ఫ్లెక్సీ వేయించాలంటే పొద్దు లేదు, విప్పితే షెడ్డు బోసిపోతుంది. కోతలకు టేపు అంటించమన్నాడు. వినోద్ టేపు అయిపోయిందన్నాడు. ఉమామహేష్ ఆమె వైపు తిరిగి, రేపు నువ్వు కెమెరా పట్టుకుని రావద్దు అన్నాడు. పిలిచినా వస్తానన్నదెవరు అంది. అన్నదే కానీ స్టూడియోలోకి వెళ్లి కొత్త బ్యాటరీని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది.

మరునాడు అతిథి వచ్చాడు. దండలు, బాజాలు, ఉపన్యాసాలు. సుక్మా నుంచి తెచ్చుకున్న ఫొటోగ్రాఫర్ అటూ ఇటూ పరిగెత్తాడు. జనం మాత్రం వేదిక వైపు చూడలేదు, పైకి చూశారు. పిట్టలు నుదుట్లోంచి బయటికొస్తున్నాయి, నుదుట్లోకి పోతున్నాయి. అతిథి కూడా తల తిప్పి చూశాడు. ఇంతమంది తన బొమ్మనే చూస్తున్నారనుకున్నాడో ఏమో, మురిసిపోయి అందరికీ మళ్లీ దండం పెట్టాడు.

రామతులసి తన మెట్టు మీద తను కూర్చుంది. సభలోకి అడుగు పెట్టలేదు. మెట్టు ఆమెది, మెట్టు మీద ఏం చేసుకోవాలో చెప్పడానికి ఉమామహేష్ ఎవరు. కోతకు జానెడు దూరంలో ఫోకస్ పెట్టి ఊపిరి బిగబట్టింది.

వానలు పడేలోగా పిల్లలు ఎగిరిపోయాయి. వెంకన్న పక్కన ఇప్పుడు కొత్త ఫొటో ఉంది. పెద్ద నుదురు, దాని మధ్య చీలిక, ఆ చీలికలోంచి పూర్తి రెక్కలతో బయటపడుతున్న తల్లిపిట్ట. చూసిపోవడానికి జనం వస్తున్నారు. మొన్న ఉమామహేష్ కూడా వచ్చాడు. నవ్వాలో వద్దో తేల్చుకోలేక నిలబడి, ఒక కాపీ ఇయ్యమని అడిగాడు.

"దేనికి?" అంది.

అతను చెప్పేలోగానే, ఈ పిట్ట ఇక ఏ ఫ్లెక్సీ ఎక్కదనీ, పాస్‌పోర్టు ఫొటో కావాలంటే స్టూలు మీద కూర్చోమనీ అంది.