మా అమ్మని బొట్టు పెట్టి పిలిచిన సుశీల ఆంటీ

నిన్న పొద్దున చిల్లకల్లులో నందిగామ బస్సెక్కి సీట్లో కూర్చున్నానో లేదో, అమ్మ ఫోన్.

"అక్కయ్య పోయిందే."

ఏ అక్కయ్య అని అడగలేదు. తోడబుట్టకపోయినా మా అమ్మ అక్కయ్య అని పిలిచేది ఒక్కరినే.

సుశీల ఆంటీ. జగ్గయ్యపేటలో మా మహిళా క్లబ్ పెట్టిన మనిషి.

మొన్న సాయంత్రం కూడా ఆదివారం కంటి క్యాంప్‌కి ఎవరెవరు వస్తున్నారో చెప్పరేంటని వాట్సాప్ గ్రూప్‌లో అందరికీ క్లాస్ పీకారు. తెల్లారేసరికి హార్ట్ ఎటాక్.

బస్సు దిగిపోయాను. రోడ్డు పక్కన నిలబడి చాలాసేపు ఏడ్చాను.

క్లబ్‌లో కొత్తగా చేరినవాళ్లు ఆంటీని కోపిష్టి ప్రెసిడెంట్‌గానే చూసుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆంటీ వాళ్లది పేటలో సిమెంటు, ఇనుము కొట్టు. పెద్ద కుటుంబం, ఆంటీ పెద్ద కోడలు. పేట ఎండల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఒక ఎండాకాలం నలుగురు ఫ్రెండ్స్‌ని పోగేసి బస్టాండ్ దగ్గర మజ్జిగ చలివేంద్రం పెట్టారు. కొట్టువాళ్ల కోడలు రోడ్డు మీద మజ్జిగ పోయడమేంటని ఊరంతా నవ్వింది. నవ్వినవాళ్లు కూడా వచ్చి తాగి వెళ్లారు.

అదే మా క్లబ్. తర్వాత నందిగామ వాళ్లు కలిశారు. కంటి క్యాంపులు, గవర్నమెంట్ హాస్పిటల్‌లో బాలింతలకి పొద్దున్నే జావ, ఆడపిల్లలకి కుట్టు క్లాసులు. ఒక నెల పేటలో మీటింగ్, ఒక నెల నందిగామలో.

మీటింగ్ ఎక్కడైనా ఒక పద్ధతి ఉండేది. గుమ్మంలో ఒకరు కుంకుమ భరిణె పట్టుకుని నిలబడి, వచ్చినవాళ్లకి బొట్టు పెట్టి పూలిచ్చి లోపలికి పంపేవాళ్లు.

అలా నడుస్తుండగా అంకుల్ పోయారు.

ఆ తర్వాత నందిగామలో మీటింగ్ పెట్టి ఆంటీకి కబురు చెయ్యలేదు. చెడ్డ ఉద్దేశంతో కాదు. గుమ్మంలో అందరికీ బొట్టు పెడుతుంటే ఆవిడ నొచ్చుకుంటారేమోనని. ప్రెసిడెంట్ లేకుండా ప్రెసిడెంట్ మీద జాలిపడ్డారు!

ఆంటీకి తెలిసింది. ఆర్టీసీ బస్సెక్కి తిన్నగా వెళ్లిపోయారు. గుమ్మంలో ఉన్నావిడ ఈమెని చూసి భరిణె వెనక్కి దాచేసింది. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఆంటీ నవ్వుతూనే చెప్పేవారు.

"ఏంటే దాస్తున్నావ్? బొట్టేమన్నా మా ఆయన తెచ్చాడా? మా అమ్మ నన్ను ఉయ్యాల్లో వేసినప్పుడే పెట్టింది. ఇటివ్వు."

ఆ రోజే తేల్చి చెప్పారు. ఈ గుమ్మం తొక్కే ప్రతి ఆడమనిషికీ బొట్టు, పూలు. లేదంటే ఎవరికీ వద్దు.

కొంతమంది లేచి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. సగం ఖాళీ అయిన క్లబ్‌ని నింపడానికి ఆంటీ ఆటోలో ఊళ్ల మీద పడ్డారు.

అలా ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చారు.

నేను స్కూల్లో ఉండగానే నాన్న పోయారు. అప్పటి నుంచి ఎవరింట్లో పేరంటమైనా అమ్మ వెనక గదిలోనే. పిలవడానికి వచ్చినవాళ్లు మాతోనే ఉండే పిన్నికి బొట్టు పెట్టి, అమ్మని పలకరించి వెళ్లిపోయేవాళ్లు. ఎవరైనా బెట్టు చేస్తే "నీకు బొట్టు పెట్టి చెప్పాలా" అంటాం కదా. మా అమ్మకి మాత్రం ఎవరూ బొట్టు పెట్టి చెప్పరు.

ఆంటీ సరాసరి వెనక గదిలోకి వెళ్లి, అమ్మ గడ్డం పట్టుకుని బొట్టు పెట్టారు. "రేపు మా క్లబ్ మీటింగమ్మా, తప్పకుండా రావాలి" అన్నారు.

అమ్మ ఆ సాయంత్రమంతా అద్దం దగ్గరే ఉంది.

ఆ తర్వాత హాస్పిటల్ జావ పనంతా అమ్మదే. అమ్మ మళ్లీ మనిషైంది. మా ఇంట్లో నవ్వు వినబడింది.

ప్రతి మీటింగ్‌కీ ఆంటీకి గుమ్మంలో బొట్టు పెట్టేది కూడా అమ్మే. ఊరందరికీ ధైర్యం చెప్పే ఆంటీ, ఇంటికెళ్లే ముందు మాత్రం ఆ బొట్టు తుడుచుకునేవారు. "మా అత్తగారు పెద్దదైపోయిందే. ఈ వయసులో ఆవిడతో యుద్ధమెందుకు" అనేవారు.

నిన్న ఆంటీని ముందుగదిలో పడుకోబెట్టారు. అమ్మ కొంగు ముడి విప్పి కుంకుమ తీసింది. వంగింది.

ఆంటీ ఆడపడుచు చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దమ్మా. మా ఇంట్లో ఆ పద్ధతి లేదు. మా అమ్మ చూస్తే తట్టుకోలేదు."

ఆవిడని తప్పుపట్టలేను. ఆవిడా వెక్కి వెక్కి ఏడుస్తోంది. క్లబ్ వాళ్లమంతా అక్కడే ఉన్నాం. చావింట్లో ఏమని గొడవపడతాం?

అమ్మ కుంకుమ గుప్పిట్లో పట్టుకుని వెనక్కి వచ్చేసింది. ఆంటీ ఉత్త నుదురుతోనే వెళ్లిపోయారు.

ఈ రోజు పొద్దున మళ్లీ వెళ్లాం. హాల్లో ఆంటీ ఫొటో పెద్దది చేయించి పెట్టారు. దండ వేశారు, దీపం పెట్టారు. అదే ఆడపడుచు గంధం తీసుకుని, దాని మీద కుంకుమ అద్ది, ఫొటోలో ఆంటీ నుదుటికి సరిగ్గా బొట్టు పెట్టారు. పక్కనే కుర్చీలో ఉన్న అత్తగారు చూసి దణ్ణం పెట్టుకున్నారు.

ఫొటోకైతే పెట్టొచ్చట. ఎవరికీ అభ్యంతరం లేదు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అదేదో నిన్న పెట్టనిస్తే ఏం పోయేదే?" అంది.



ఆదివారం కంటి క్యాంప్ ఉంటుంది. అందరూ రండి, ఆంటీ అడిగిన చివరి మాట అదే.

ఫొటో అద్దానికి కాదు ఆంటీ, మీకు పెట్టాల్సింది. పెట్టలేకపోయాం.

వెళ్లండి ఆంటీ. ఇప్పుడు మీరు వెళ్లే చోట గుమ్మంలో మిమ్మల్ని ఎవరూ ఆపకూడదు. మీ మనసు చల్లగా ఉండాలి. 🙏