అప్పన్న సరంగుకు పడిన ఓటు

పొద్దున్నుంచీ జంగ్లీఘాట్‌లో టపాకాయలు పేలుతూనే ఉన్నాయి. వార్డు ఎన్నికల ఫలితాలు వచ్చాయి. కిటికీలు మూసినా మందు వాసన సందుల్లోంచి దూరి వస్తోంది. అది కింద ఆరబెట్టిన ఎండుచేపల వాసనతో కలిసి ముక్కుకి కొత్త రకం శిక్షగా తయారైంది. దీన్ని సీసాల్లో పట్టి అమ్మితే కలకత్తా నుంచి ఓడలేసుకుని మరీ కొనడానికొస్తారని మా ఆవిడతో అనబోయాను. ఆవిడ డిగ్నాబాద్‌లో అమ్మాయి దగ్గర ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాను. రోడ్డు మీద డప్పులు, గులాల్, గెలిచినాయన మెడలో తల కనపడనన్ని దండలు. ఇలాంటి పూట ఓడిపోయినవాడి ఇల్లు ఎలా ఉంటుందో ఎవరూ తొంగిచూడరు. నేను ఒకసారి చూశాను. అందుకే ఫలితాలు వచ్చిన ప్రతిసారీ నాకు అప్పన్న సరంగు గుర్తొస్తాడు.

మీరెవరూ ఆయన్ని ఎరగరు. ఊరికి పేరు మారినా మా నోటికింకా పోర్ట్‌బ్లెయిరే. ఆ హార్బరులో జనాన్ని అటూ ఇటూ దాటించే సర్కారు బోటుకి ఆయన సరంగు, అంటే చుక్కాని పట్టే పెద్ద. నేను ఆయన కింద లస్కరుని. జెట్టీ రాగానే ముందు దూకి తాడు కట్టడం, జనం దిగడానికి పలక వేయడం నా ఉద్యోగం. వీధిలో మాత్రం నన్ను ఉద్యోగంతో ఎవరూ గుర్తుపట్టేవారు కాదు. కోతల ఈశ్వర్రావు అంటే చాలు, ఇల్లు చూపించేవారు. నేను వర్షం పడుతోందంటే బయటికొచ్చి చెయ్యి చాపి చూసుకునే జనం మధ్య పెరిగాను. చిన్నప్పుడు ఇంట్లో తన్నారు, బడిలో తన్నారు. ఆ నోటికి ఒక పని చూపించిన మనిషి సరంగు ఒక్కడే.

వర్షాకాలంలో ఒకరోజు నడి హార్బరులో బోటు తెగ ఊగిపోయింది. ఆడవాళ్ళు తలా ఒక దేవుణ్ణి పిలుస్తున్నారు. ఎవరో పంతులమ్మ కమ్మీ పట్టుకుని, నీళ్ళకేసి చూస్తూ పాలిపోయింది. సరంగు వెనక్కి తిరక్కుండానే కేకేశాడు.

"ఈసుగా! ఆ నోరు కాళీగా ఎందుకుంచావురా? ఏదోటి వదులు!"

"ఏం వదలమంటావు బాబాయ్?"

"ఏటైనా. నీ మొహం సూసినంతసేపూ ఆళ్ళు నీళ్ళకేసి సూడరు."

నేను తాడు చుట్ట మీదికెక్కి నిలబడ్డాను. మొన్న ఒక మొసలి టిక్కెట్టు కొనుక్కుని ఇదే బోటెక్కిందని, ఆడవాళ్ళ సీట్లో కూచుంటే నేను లేవమన్నానని, దానికి మోకాళ్ళ నొప్పులని డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించిందని మొదలుపెట్టాను.

"ఝూట్! మొసలికి మోకాళ్ళేంటి?" అంది పంతులమ్మ, కమ్మీ వదిలేసి.

"నేనూ అదే అడిగాను దీదీ. నువ్వేమైనా డాక్టరువా అని నన్నే దబాయించింది."

బోటంతా నవ్వింది. నవ్వు ఆగేసరికి జెట్టీ వచ్చేసింది. జనం దిగిపోయాక సరంగు బీడీ ముట్టించుకుని అన్నాడు: "కొయ్యి, ఎంతైనా కొయ్యి. నీ కోత ఇన్నాక మనిసి తేలికవ్వాల. బరువెక్కితే అది అబద్దం." అన్నేళ్ళ తన్నుల్లో నాకెవరూ ఈ తేడా చెప్పలేదు.

ఆయన భార్య చాలా కిందటే పోయింది. పిల్లలు లేరు. రిటైరయ్యాక మా వీధి పైన, మెట్ల చివర గదిలో ఒక్కడే ఉండేవాడు. మా వీధి కొండవాలులో ఉంటుంది. పాచి పట్టిన ఆ మెట్లే దానికి రోడ్డు. ఆయన ఏ పనీ లేకపోయినా మా బోటెక్కి ఒక పక్కగా నిలబడేవాడు. ఒకరోజు ఒడ్డుకొచ్చాక ఒక కుర్రాడు మర్యాదగా ఆయన మోచెయ్యి పట్టుకుని, "అంకుల్, కొత్తా? పలక కదులుతుంది, ఆరామ్‌సే దిగండి" అన్నాడు. సరంగు ఆ కుర్రాడు చెప్పినట్టే మెల్లగా దిగాడు. ఆ తరవాత జెట్టీ మీద చాలాసేపు నిలబడిపోయాడు.

"ఆ గుంటడు పుట్టినకాడి నుంచీ నా బోట్లోనే తిరిగాడు. ఆడి తప్పు కాదురా ఈసూ. ఇన్నేళ్ళూ నా ఎనకాలే నిలబడి దాటారు కదా. జనం నా ఈపే సూశారు. మొహం ఎవులికీ తెలీదు."

ఆ తరవాత కొద్ది రోజులకే వార్డు ఎన్నికలొచ్చాయి. సరంగు నామినేషన్ వేశాడు. ఏ పార్టీ లేదు. గొడుగు గుర్తు ఇచ్చారు. "ఈ దీవుల్లో గొడుగు లేని ఇల్లు సూపించు!" అని మురిసిపోయాడు. గెలిస్తే మా మెట్లకి కమ్మీ వేయిస్తానన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఇంటింటికీ వెళ్ళి మెట్ల మీద నిలబడి, మొహం బాగా కనపడేలా టోపీ తీసి మాట్లాడేవాడు. జనం మంచినీళ్ళిచ్చేవారు. ఆయన వెళ్ళాక, "పాపం, ఎవరూ?" అని ఒకళ్ళనొకళ్ళు అడిగేవారు.

మా బావమరిది శీను ఆసారి గెలిచినాయనకి మా బూత్‌లో ఏజెంటు. లెక్కింపు అయిపోగానే ఒళ్ళంతా గులాల్‌తో మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. "బావా! మన బూత్‌లో సరంగుకి ఒకే ఒక్కటి! అప్నా వోట్ అప్నే కో!" అంటూ పడీ పడీ నవ్వాడు. తన ఓటు తనే వేసుకున్నాడనుకుని వీధంతా ఆ రాత్రి అదే చెప్పుకుని నవ్వింది.

మర్నాడు పొద్దున్న సరంగు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని పై మెట్టు నుంచి దిగడం మొదలుపెట్టాడు. మొదటి ఇల్లు పార్వతి దీదీది. ఆవిడ కుళాయి దగ్గర నీళ్ళు పడుతోంది. సరంగు టోపీ తీసి, చేతులు జోడించాడు.

"అమ్మా, నా ఓటు నాను ఏసుకోలేదు. సొంత ఇస్తట్లో సొంతంగా వడ్డించుకున్నట్టుంటాదని రెండో ఆయనకేశాను. మరి ఈ ఒక్కటీ ఎవులిదో తెలిస్తే, దణ్ణమెట్టి పోదామని."

దీదీ బిందె పొంగిపోతున్నా చూసుకోలేదు. "హాయ్ రామ్, మాదే సరంగు భయ్యా! కసమ్ సే!" అంది. ఆ పక్కింటాయన తనదేనన్నాడు. కిరాణాకొట్టు చలపతి, "మీకు కాక ఇంకెవరికేస్తాం అప్పన్నగారూ?" అని ఆయన చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కూడా పెట్టాడు. జోడించిన చేతుల ముందు కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. సాయంత్రానికి ఆ ఒక్క ఓటు వీధి మొత్తానికీ సరిపోయింది.

ఆ ఓటు నాది. నమ్మకపోతే నేనేం చేయలేను. బావమరిది బూత్ గుమ్మంలో బ్యాడ్జి పెట్టుకుని కూచుని నాకు కన్ను కొట్టాడు. నేనూ తిరిగి కన్ను కొట్టి, లోపలికి వెళ్ళి గొడుగు నొక్కి వచ్చాను.

సరంగు మా ఇంటికి ఆఖర్న వచ్చాడు. ఆ చొక్కా చెమటకి ఒంటికంటుకుపోయింది. గుమ్మం దగ్గర కూలబడి, "అందరూ ఏశామన్నారురా. అంటే ఎవులూ నిజం సెప్పలేదనే కదా!" అన్నాడు.

"ఆ ఓటు నాది బాబాయ్."

ఆ రోజుకి మొదటిసారి నవ్వాడు. "పొద్దున్నుంచీ సానా ఇన్నాను గానీ, మొదటి బగుమతి నీదేరా!"

నేను తగ్గలేదు. వేలికి సిరా పూసిన మేడమ్ సరిగ్గా అప్పుడే తుమ్మిందని, సిరా నా చొక్కా మీద పడిందని చెప్పాను. నిజమే చెబుతున్నా, నా నోట్లోంచి రాగానే అది మొసలి కథలాగే ఉంది. చొక్కా తెచ్చి మరక చూపించాను. సరంగు ఆ మరక మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. నవ్వు ఆగిపోయింది.

"నిజమేనేటి?"

"నిజం."

ఆయన మొహం వెలుగుతుందని ఎదురుచూశాను. అది కాస్తా వాడిపోయింది. చొక్కా మడిచి నా ఒళ్ళో పెట్టాడు.

"నీదయితే ఏటుందిరా! నువ్వు నా బోటోడివి, నా మొహం నీకెప్పుడూ తెలుసు. నాను ఎరగనోడెవడో నా మొహం సూసి ఏశాడనుకున్నాను. పొద్దున్నుంచీ ఆ ఆశ మీదే మెట్లు ఎక్కీ దిగీ..." అని ఆగిపోయాడు.

నేను గట్టిగా నవ్వేశాను. అంత కష్టపడి నేనెప్పుడూ నవ్వలేదు. "నమ్మేశావా బాబాయ్? ఇది ఇంట్లో బాల్‌పెన్ను కక్కిన మరక! బావమరిది ఏజెంటుగా కూచుంటే నీకు గొడుగు నొక్కి నేను కొంపలో ఉండగలనా?"

"దొంగ నాయాలా!" అని నా వీపు మీద ఒక్కటి చరిచాడు. మొహంలోకి ప్రాణం వచ్చింది. "అయితే ఉన్నాడన్నమాట, ఎవుడో!" అని టీ అడిగి తాగాడు. తేలిగ్గా లేచి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నేను ఆ చొక్కా పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

ఓటేసింది ఎవరో తెలియదు కాబట్టి, ఎదురైన ప్రతివాళ్ళూ వాళ్ళే కావచ్చునన్నట్టు ఆయన బతకడం మొదలుపెట్టాడు. వాన పడితే పాచి మెట్ల దగ్గర నిలబడి ముసలివాళ్ళకి చెయ్యి అందించేవాడు. బియ్యం మూట దించుకోలేని వాళ్ళకి భుజమిచ్చేవాడు. "ఏమో, ఈళ్ళేనేమోరా" అని నాతో గుసగుసలాడేవాడు. నేను "ఏమో" అనేవాణ్ణి. మెల్లగా ఆయన గదికి ఇంటింటి నుంచి కూర గిన్నెలు రావడం మొదలైంది. పిల్లలు పేరు పెట్టి పిలిచేవారు. ఆయన మొహం వీధికి తెలిసింది. నేను మాత్రం ఆ ఏళ్ళలో ఆయన పక్కన కూచున్నప్పుడల్లా నిజం చెప్పబోయి మొసలి కథ ఎత్తుకునేవాణ్ణి.

ఆయన పోయిన రోజున వీధి వీధంతా శ్మశానానికి వచ్చింది. చితి కాలుతుంటే ఒక్కొక్కరే నా పక్కకి వచ్చి, "ఆ ఓటు మాదే ఈశ్వర్రావ్" అని కళ్ళు తుడుచుకున్నారు. ఎవరూ అబద్ధమాడుతున్నట్టు లేరు. అప్పటికి అందరూ అది నమ్మేశారు. చివరికి శీను కూడా వచ్చి, "బావా, ఎవరితోనూ అనకు. ఆ రోజు బ్యాడ్జి పెట్టుకునే లోపలికెళ్ళి గొడుగు నొక్కాను" అన్నాడు. వాడికీ కన్నీళ్ళు కారుతున్నాయి. "నువ్వెవరికేశావు బావా?" అని అడిగాడు.

"గెలిచినాయనకి" అన్నాను.

శీను తల ఊపాడు. నా మాట విని ఎవరైనా మారు ప్రశ్న వేయకుండా తల ఊపడం అదే మొదటిసారి. ఆ తరవాత ఎన్ని కోతలు కోసినా, ఈ ఒక్క నిజాన్ని మాత్రం నమ్మే మనిషి నాకు దొరకలేదు. నమ్మిన ఒక్క మనిషినీ ఆ సాయంత్రం టీ ఇచ్చి, నవ్వించి, నేనే పంపించేశాను.