మాత్ర మీద ప్రార్థన

ఈ మాత్ర పైపూత నోట్లో కరిగిందంటే చేదు చెవుల దాకా ఎక్కుతుంది. ఈ ఉదయం అదే జరిగింది. ఎప్పటిలాగే మొహం ముడుచుకున్నాను, ఎప్పటిలాగే రత్నకుమారి అక్క గుర్తొచ్చింది. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ అమెరాత్ అనే ఊళ్ళో, నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన ప్రైవేటు ఆసుపత్రిలో ఆవిడ అప్పట్లో వార్డు ఇన్‌చార్జి. మాది నరసాపురం, ఆవిడది పాలకొల్లు. ఆ సంగతి తెలిసిన రోజే నా మీద పెత్తనం తీసుకుంది. ఆ మాటకొస్తే ఆవిడ మా మేనేజరు మీద కూడా పెత్తనం చేసేది.

చేరిన కొన్నాళ్ళకే నాకు లూపస్ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు అది. కీళ్ళు పట్టేశాయి, బుగ్గలు కందిపోయాయి, కిడ్నీలకూ సోకింది. ఎండ తగలకూడదన్నారు డాక్టరుగారు. మర్నాడే అక్క నల్ల గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది.

"వానే పడని ఊళ్ళో గొడుగేంటక్కా? నవ్వుతారు."

"నవ్వనీయవే. నీ సొమ్మేం పోయింది?"

మా బిల్డింగు కిందనున్న కిరాణా కొట్టు బంగ్లాదేశీ అతను నాకు 'ఛత్రీ మేడమ్' అని పేరు పెట్టాడు. నిజంగానే నవ్వారు, నిజంగానే నా సొమ్మేమీ పోలేదు.

మందులతో మెల్లగా తేరుకున్నాను. నొప్పులు తగ్గాయి, రిపోర్టులు బాగా వచ్చాయి. కానీ స్టెరాయిడ్ వల్ల మొహం బూరెలా ఉబ్బింది. అద్దం చూసుకుని ఏడ్చేదాన్ని. తగ్గిపోయింది కదా, ఇంకా ఈ మందులెందుకని రోజూ అనిపించేది. ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చనీ, ఈసారి కిడ్నీలు తట్టుకుంటాయన్న నమ్మకం లేదనీ డాక్టరుగారు ముందే చెప్పారు. తెలిసీ ఆపాలనే ఉండేది.

నా కోసం ఉపవాసం ఉండి ప్రార్థించిన మా చర్చి సంఘంవాళ్ళు ఇంకోలా అనుకున్నారు. మాలో స్వస్థత పొందినవాళ్ళు నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే. ఒక శుక్రవారం ఆరాధన తర్వాత పాస్టరమ్మగారి ఫ్లాటులో భోజనాలకు కూడాం. ఆవిడ మంచి మనిషి. నేను మంచాన పడ్డప్పుడు జావ కాచి పంపింది ఆవిడే. నా తల మీద చెయ్యి వేసి, "దేవుడు నిన్ను బాగుచేశాడమ్మా. ఇవాళ్టి నుంచి ఆ మాత్రలు మానేసి, వచ్చే శుక్రవారం సాక్ష్యం చెప్పు. మాత్రలు మింగుతూ స్వస్థపడ్డానంటే ఎవరు నమ్ముతారు?" అన్నారు. అందరూ "స్తోత్రం" అన్నారు. నాకు భయం వేయలేదు, ప్రాణం లేచొచ్చింది. నేను వినాలనుకున్న మాటే దేవుడి పేరుతో వచ్చింది మరి.

అప్పుడే అక్క వంటింట్లోంచి బిర్యానీ గిన్నెతో వచ్చింది. అంతా విన్నట్టుంది. గిన్నె దించి, నా బ్యాగులోంచి మాత్ర తీసి, నా అరచేతిలో పెట్టి, "ప్రార్థన చేద్దాం" అంది గట్టిగా. మాలో ఎవరు ఆ మాటన్నా తలలు వంగుతాయి, కళ్ళు మూతపడతాయి. ఆమేన్ వినపడేదాకా ఎవరూ అడ్డు చెప్పరు. అది అక్కకు బాగా తెలుసు.

"తండ్రీ, ఈ బిర్యానీ కోసం స్తోత్రం. ఈ పిల్లకి మాత్ర ఇచ్చావు, అది తయారుచేసే తెలివి మనుషులకిచ్చావు, స్తోత్రం. దీన్ని సిగ్గుపడకుండా మింగే ధైర్యం ఇవ్వు నాయనా. ఆమేన్."

అందరూ ఆమేన్ అన్నారు. అలవాటు కొద్దీ పాస్టరమ్మగారూ అన్నారు. ఇక తప్పించుకునే దారి లేక మింగాను.

టాక్సీలో అలిగి కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి అక్కే కదిపింది.

"ఒళ్ళు బాగుందంటే మందు డ్యూటీ చేస్తున్నట్టేనే. డ్యూటీ బాగా చేసేవాణ్ణి ఏ కంపెనీ అయినా తీసేస్తదేంటి?"

"మరి నా మొహమో?"

"డాక్టరుగారు మెల్లిగా తగ్గిస్తారు. అది ఆయన పని. నీ పనీ కాదు, పాస్టరమ్మగారి పనీ కాదు."

అలాగే జరిగింది. డాక్టరుగారు చూసుకుంటూ స్టెరాయిడ్ కొద్దికొద్దిగా తగ్గించారు. నా మొహం నాకు తిరిగొచ్చింది. ఈ చేదు మాత్ర మాత్రం ఉండాల్సిందే అన్నారు. కిడ్నీలు ఈ రోజుకీ బాగున్నాయి.

అక్క రిటైరై పాలకొల్లు వెళ్ళిపోయింది. ఇప్పుడు పెత్తనమంతా ఫోనులోనే. ఆవిడ నా కోసం అడిగిన ధైర్యం మాత్రం నాకు ఒక్కసారిగా రాలేదు. మందు మింగడానికి త్వరగానే వచ్చింది, మింగుతున్నానని నలుగురిలో చెప్పడానికి ఏళ్ళు పట్టింది. సంఘంలో నన్ను సాక్ష్యం అడగడం ఎప్పుడో మానేశారు. పోయిన శుక్రవారం నా అంతట నేనే లేచి నిలబడ్డాను.

"నా జబ్బు పోలేదు. రోజూ మందు వేసుకుంటున్నాను. నేను బాగున్నాను. ఇదే నా సాక్ష్యం" అన్నాను.

అందరికంటే ముందు పాస్టరమ్మగారే "స్తోత్రం" అన్నారు.