‘ఇడు’ అని రాసిన పెట్టె

ఇల్లు సర్దిన రోజు జరిగినదానికి అందరూ అమ్మనే తప్పుపట్టారు. తప్పు నాదని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మాది కన్నడ రాష్ట్రంలోని వల్లూరు; ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పనికిరాని సామానంతా ఒక అట్టపెట్టెలో వేశాను. ఉంచుకోవలసిన బట్టలు, వాటి అడుగున ఎవరికీ చూపించని నా డైరీలు ఇంకో పెట్టెలో సర్ది, దాని మీద బడి అలవాటు కొద్దీ కన్నడంలో ‘ఇడు’ అని రాశాను. ఉంచు అని అర్థం. మా ఇంటి తెలుగులో ఇడు అంటే వదిలెయ్యమని, ఆ సంగతే మరిచాను. స్నానం చేసి వచ్చేసరికి పెట్టె లేదు.

“ఇడు అని నువ్వే రాసిండావు కదే! సోలార్ ప్లేట్లు తుడిచే గుడ్డలకని నరసక్కకు ఇడిచేస్తి,” అంది అమ్మ.

తడి జుట్టుతోనే ఊరి బయటి సోలార్ ప్లేట్ల దగ్గరికి పరుగెత్తాను. ప్లేట్ల నీడలో అన్నం తింటున్న తన తోటి కూలి ఆడవాళ్లకు నరసక్క నా డైరీ గట్టిగా చదివి వినిపిస్తోంది.

“నరసక్క అడ్డం నిలబడితే ప్లేట్లలో కరెంటు పుట్టదు.”

అందరూ ముద్ద చేతిలోనే పట్టుకుని నరసక్క వైపు చూశారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ముందుగా నరసక్కే పకపకా నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు, నేను కూడా.

ఇప్పుడు పెట్టెల మీద ‘ఉంచు’ అనే రాస్తున్నాను. నా సిగ్గు మాత్రం ఆ రోజే సగం పోయింది. డైరీ నా చేతిలో పెడుతూ నరసక్క అంది:

“ఈ తూరి నన్ను రవ్వంత సన్నగా రాయి మే!”